పనిచెయ్యని చెయ్యి

మా ఇంట్లో ఉప్పు చూడటం నా ఉద్యోగం. కూర ఉడుకుతుండగా గరిటె చివరినుంచి ఒక చుక్క అరచేతిలో వేసుకోవడం, నాలుకకి తాకించడం, చాలకపోతే చిటికెడు వేసి మూత పెట్టెయ్యడం. పెళ్ళయిన మర్నాడే చేరాను. సెలవుల్లేవు, బదిలీల్లేవు, పైవాళ్ళ తనిఖీ మాత్రం పూటపూటా ఉంటుంది. అంతటి అనుభవశాలిని, ఒకరోజు ఆ చుక్క నాలుక పక్క అంచుకి తగిలేసరికి గరిటె వదిలేసి సింకు పట్టుకుని నిలబడిపోయాను. కళ్ళమ్మట నీళ్ళు. అద్దంలో చూసుకుంటే కుడిపక్క అంచున చిన్న తెల్లటి పుండు, చుట్టూ ఎర్రగా. పన్ను గీసుకుని ఉంటుందిలే అనుకుని, ఆరోజునుంచి ఉప్పు చూడటం మానేసి అందాజుగా వెయ్యడం మొదలుపెట్టాను.

పుండు సంగతి ఎవరికీ తెలియలేదు. ఉప్పు సంగతి ఇల్లంతటికీ తెలిసిపోయింది. మా ఇల్లంటే ఆయనా, అత్తయ్యా, నేనూ. "ఈమధ్య నీ ధ్యాస ఎక్కడుంటోంది?" అన్నారాయన, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. "నిన్న చప్పిడి, ఇవాళ సముద్రం. ఏదో ఒకటి నిలకడగా ఉండనీ అమ్మాయ్, దానికే అలవాటు పడతాం" అన్నారు అత్తయ్య. నేను ఒక పక్కనే నములుతున్నానని గానీ, కాఫీ చల్లార్చుకుని తాగుతున్నానని గానీ, మాటలు పొదుపు చేస్తున్నానని గానీ ఎవరూ గమనించలేదు. మాటలు తగ్గినందుకైతే ఇంట్లో కాస్త ప్రశాంతంగా కూడా ఉన్నట్టుంది. చివరికి నేనే నోరు తెరిచి చూపించాను. అత్తయ్య తేనె రాయమన్నారు. ఆయన విటమిన్ మాత్రలు తెచ్చారు. "అంత పదునైన నాలుక, తనని తానే కోసుకుని ఉంటుంది" అని ఒక జోకు కూడా వేశారు. మంచి జోకే. నాకు ముందు తట్టనందుకు కొంచెం ఈర్ష్య పడ్డాను.

పళ్ళ డాక్టరు పన్ను మొన అరగదీసి, మానకపోతే మళ్ళీ రమ్మన్నాడు. మానలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ డాక్టరు ఎప్పటిలా కబుర్లు చెప్పలేదు. దవడ కింద, మెడ పక్కన వేళ్ళతో నెమ్మదిగా తడిమి, క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళమన్నాడు. ఆ తడమడంలోనే నాకు సగం అర్థమైంది. నాకు పుండు నోట్లో ఉంటే ఈయన నా మెడలో ఏం వెతుకుతున్నాడు?

ఆ ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ నా నాలుకని గుడ్డముక్కతో పట్టుకుని బయటికి లాగి, తొడుగు వేసుకున్న వేలితో పుండు చుట్టూ, అడుగునా నొక్కి చూసింది. ఇన్నాళ్ళూ అందరూ నా నాలుకని చూసినవాళ్ళే. అడుగున ఏముందో చూసింది ఈవిడే. "పైకి కనిపించేది కొంచెమే అమ్మా. కింద గట్టిగా ఉంది. నెలలోపు మానని పుండు నోట్లో ఉంటే ఇంట్లో కూర్చోకూడదు" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదేమో, అలవాటైన పద్ధతి కదా. చిన్న ముక్క కత్తిరించి పరీక్షకి పంపింది. మెడకీ నోటికీ స్కాన్ తీయించింది. ఫలితం వచ్చిన రోజు ఆయన నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, "ముందు నేను విని వస్తా. నువ్వు తట్టుకోలేవు" అని లోపలికి వెళ్ళబోయారు. తలుపు తెరిచే ఉంది. డాక్టరమ్మ గొంతు వినిపించింది. "నాలుక ఆవిడది కదండీ. ఆవిణ్ణి కూడా పిలవండి."

క్యాన్సర్ అని చెప్పింది. నాలుక క్యాన్సర్, మెడలో ఒక గ్రంథికి కూడా పాకినట్టుంది, ఆపరేషన్ చెయ్యాలి, ఆ తర్వాత అవసరమైతే రేడియేషన్. నేను తట్టుకున్నాను. ఆయనే తట్టుకోలేకపోయారు. నా హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నారు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. ఇంటికెళ్ళేదాకా ఇవ్వలేదు.

ఆ రోజునుంచి మా ఆయన మారిపోయారు. అబద్ధం ఎందుకు, నాకు నచ్చింది. జావ కాయడం నేర్చుకున్నారు. గిన్నె అడుగు మాడ్చి, మాడు కనబడకుండా పైనుంచి వంచి తెచ్చి, చెంచాతో చల్లార్చి ఇచ్చేవారు. మాడువాసన నాకు తెలుస్తూనే ఉండేది. తెలియనట్టు తాగేదాన్ని. నోరు నొప్పి అని నా తరఫున మాట్లాడటం కూడా ఆయనే మొదలుపెట్టారు. ఆసుపత్రిలో ఎవరేం అడిగినా ముందు ఆయన. మందులు పడకపోవడం ఏమైనా ఉందా అంటే "పెన్సిలిన్" అన్నారు. అది ఆయనకి. చిన్నప్పుడు పెద్ద జబ్బులేమైనా అంటే "టైఫాయిడ్" అన్నారు. అది వాళ్ళ చెల్లెలికి. ఏం ఇష్టంగా తింటారు అని డైటీషియన్ అడిగితే, "తనకి ఇదీ అదీ అని లేదండీ, ఏది మిగిలితే అది" అన్నారు మురిపెంగా. పక్కన కూర్చుని ఎవరి కథో విన్నట్టు విన్నాను. ముఖ్యమైనవి మాత్రం వేలెత్తి సవరించాను. మిగతావి వదిలేశాను. మనిషి అంత ప్రేమగా తప్పులు చెబుతుంటే ఎన్నిసార్లని ఆపుతాం?

ఆ వదిలేసినవాటిలో ఒకటి ఉంది.

ఆపరేషన్ ఎలా చేస్తారో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. నాలుకలో ఇంచుమించు సగం తీసేస్తారు. తీసినంత మేరా ఖాళీగా వదిలేస్తే నాలుక ముడుచుకుపోయి మాటా మింగుడూ రెండూ పోతాయి. అందుకని ముంజేతినుంచి పలచటి చర్మం ముక్క, దాని రక్తనాళాలతో సహా తీసి, నాలుక ఆకారంలో మడిచి నోట్లో కుడతారు. ఆ రక్తనాళాన్ని మెడలో నాళానికి మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నటి దారంతో అతుకుతారు. నేను ఆ దారం దగ్గరే ఆగిపోయాను. అంత సన్నటి దారానికి సూది ఎంతుంటుంది? దారం ఎక్కించేదెలా? అడిగాను, నొప్పిగా ఉన్నా. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "ఎక్కించక్కర్లేదమ్మా, సూదికే అతికి వస్తుంది. ఇది అడిగిన పేషెంటు మీరే." తర్వాత ఆయనవైపు తిరిగి, "చర్మం తీసిన చేతికి కొన్నాళ్ళు పట్టు తగ్గుతుంది. బొటనవేలి వెనక మొద్దుబారినట్టు ఉండిపోవచ్చు కూడా. అందుకే ఎక్కువ పనిచెయ్యని చెయ్యి ఎంచుకుంటాం. ఆవిడది ఏ చేతివాటం?" అంది.

"కుడే మేడమ్. రాతా, తిండీ అన్నీ కుడే" అన్నారాయన.

"అయితే ఎడమచెయ్యి" అని రాసుకుంది.

అప్పుడు నా బుర్రలో మాట గురించిన భయమే ఉంది. పక్క గదిలో మాటల టీచరు, అంటే ఆపరేషన్ తర్వాత మింగడమూ మాట్లాడటమూ మళ్ళీ నేర్పించే అమ్మాయి, ఏ అక్షరాలు కష్టమవుతాయో అంతకుముందే చెప్పింది. త, ద, న, ల, ర, ఇవన్నీ నాలుకతో పని. ప, మ, అచ్చులు, ఊకొట్టడం, వీటికి నాలుక అంతగా అక్కర్లేదట. నా సంసారంలో వాడుకలో ఉన్న మాటలన్నీ గుర్తుచేసుకున్నాను. ఊఁ. ఆఁ. అమ్మో. అబ్బే. వీటికేమీ ఢోకా లేదు. పోయేవల్లా లేదు, వద్దు, కాదు, నాది. "అయితే మా ఇంట్లో పెద్ద తేడా ఏమీ తెలియదు" అన్నాను. ఆ పిల్ల నవ్వాలో మానాలో తెలియక నీళ్ళగ్లాసు జరిపింది. ఇలాంటి ఆలోచనల మధ్య చేతి సంగతి జారిపోయింది.

ఆపరేషన్‌కి ముందురోజు పొద్దున వార్డులో చేరాక చిన్న డాక్టరు వచ్చి, నా ఎడమచేతి మణికట్టుకి గులాబీరంగు పట్టీ కట్టి, ముంజేతి మీద నల్లపెన్నుతో ఒక గీత గీశాడు. "ఈ చేతికి సూది పెట్టకూడదు, రక్తం తియ్యకూడదు. సెలైన్ సూది మధ్యాహ్నం కుడిచేతికి పెడతారు" అని చెప్పి వెళ్ళాడు. అప్పుడు చూసుకున్నాను ఆ చేతిని. చాలా ఏళ్ళ తర్వాత, తీరిగ్గా.

నేను పుట్టడం ఎడమచేతివాటంతోనే. బళ్ళో పంతులమ్మ పలకబలపం కుడిచేతికి మార్చింది. అన్నం ముద్ద మా అమ్మ మార్చింది. గరిటె అత్తయ్య మార్చారు. కాపురానికొచ్చిన కొత్తలో ఎవరో చుట్టాలకి ఎడమచేత్తో వడ్డించబోతే, అత్తయ్య వెనకనుంచి వచ్చి, నవ్వుమొహంతోనే, నా చేతిలోంచి గరిటె తీసి రెండో చేతిలో పెట్టారు. లోపలికెళ్ళాక అన్నారు: "వంటింట్లో నువ్వెలా తగలడినా నాకనవసరం. గుమ్మం దాటితే మాత్రం కుడి." అలా ఒప్పందం కుదిరింది. వడ్డించడం, ఇవ్వడం, పుచ్చుకోవడం, నమస్కారం, సంతకం, నలుగురి కళ్ళూ పడేవన్నీ కుడి. తరగడం, పిండి కలపడం, బిగిసిన సీసామూత తియ్యడం, సూదీ దారం, అన్నీ ఎడమ. మా ఆయన గుమ్మానికి అవతలే ఉంటారు కాబట్టి ఆయనకి కనిపించింది కుడిచేతి మనిషే. ఆయన అబద్ధం చెప్పలేదు. చూసింది చెప్పారు.

నేను రఫ్ఫు బాగా చేస్తాను. చిరిగిన బట్టనుంచే పోగులు లాగి, ఆ పోగులతోనే చిరుగు నేసెయ్యడం. బాగా చేశామనడానికి గుర్తు ఏమిటంటే, చేసినట్టు ఎవరికీ తెలియకపోవడం. అందుకే నాకు ఇంతవరకు ఒక్క మెచ్చుకోలూ రాలేదు. దాన్నే మెచ్చుకోలుగా తీసుకుంటూ వచ్చాను. మధ్యాహ్నం పూట ఇల్లు సద్దుమణిగాక కిటికీ దగ్గర కూర్చుని, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సూది పట్టుకుంటే, ఆ కాసేపు నేను ఎవరికీ ఏమీ కాను. ఆ బొటనవేలే మొద్దుబారుతుందంటున్నారు.

చెప్పెయ్యొచ్చు కదా. అదే అనుకున్నాను. ఆ వెంటనే ఏమనుకున్నానో కూడా దాచకుండా చెబుతాను. కుడిచెయ్యి కట్టులో ఉంటే వడ్డించేదెలా, వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చేదెలా? ఎడమదైతే లోపలి పనులు ఎలాగోలా కుడితో నెట్టుకురావచ్చు. పైగా ఇప్పుడు మార్పిస్తే డాక్టరమ్మ ముందు ఆయన మొహం చిన్నబోతుంది. "భార్యది ఏ చేతివాటమో తెలియదా?" అని ఒక్క చూపు చూస్తే చాలు, మాడిన జావ కాస్తున్న ఆ మనిషి ఏమైపోతారు? కాబట్టి ఎడమదే పోనీ. ఇదంతా చక్కగా, లెక్క తేలినట్టు ఆలోచించి, పూర్తయ్యాక నాకే ఒళ్ళు మండింది. క్యాన్సర్ నాది, కోత నాది, చెయ్యి నాది. ఆలోచన మాత్రం ఆ వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి, ఎవరికేం కావాలో కనుక్కుంటోంది.

మధ్యాహ్నం ఆయన అత్తయ్యని తీసుకొచ్చారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. లిఫ్టు అంటే భయం. అయినా వచ్చారు. మంచం పక్క కుర్చీలో కూర్చుని, ఊపిరి తిప్పుకుని, నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, ఆ నల్లగీత చూశారు.

"ఇదేంటిరా?"

"చర్మం తీసేది అక్కడినుంచే అమ్మా. చెప్పాగా, చేతినుంచి తీసి నాలుకకి వేస్తారని."

"ఈ చేతినుంచా? ఈ చెయ్యెందుకురా? ఇది పనిచేసే చెయ్యి."

"కాదమ్మా, తనది కుడిచేతివాటం. నేనే చెప్పాను."

"నువ్వా? నువ్వెప్పుడు చూశావురా?"

"అదేంటమ్మా, రోజూ వడ్డిస్తుంటే చూడనా?"

"పళ్ళెం చూసుంటావు" అన్నారు అత్తయ్య. "దానిది పుట్టు ఎడమచెయ్యి. మార్చాలని నేను పడని పాట్లు లేవు. గుమ్మం అవతల మారింది గానీ ఇవతల నా తరం కాలేదు. వంటింట్లో పక్కన కూర్చుని ఇన్నేళ్ళూ ఆ చేతినే చూస్తున్నా. అది కత్తి పట్టుకుంటే నాకు కళ్ళు తిరిగేవి, తెగుతుందేమోనని. ఒక్కనాడు తెగలేదు." ఆవిడ ఆయన చొక్కా కఫ్ పట్టుకుని వెలుతురువైపు తిప్పారు. "ఇది ఇక్కడ చిరిగింది, తెలుసా నీకు?"

"ఇది చిరగలేదమ్మా. బానే ఉంది."

"అదే చెబుతున్నా."

ఆయన కఫ్‌ని కళ్ళదాకా ఎత్తి చూసుకున్నారు. కనిపించలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు. వేలితో రుద్దారు. అప్పుడు నావైపు చూశారు. నాకు అత్తయ్యని చూస్తుంటే అంతకన్నా వింతగా ఉంది. నా చేతిని చూస్తే ఆవిడకి చిరాకని ఇన్నేళ్ళూ అనుకున్నాను. చిరాకే. కానీ చూశారు. ఇంతమందిలో ఆవిడొక్కరే చూశారు.

"అమ్మాయ్, నువ్వెందుకు చెప్పలేదు?" అన్నారావిడ. "నోరు నొప్పా?"

అప్పుడే నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. సూది, దూది, ప్లాస్టరు. "కుడిచెయ్యి చాపండమ్మా, నరం దొరికితే ఒక్క నిమిషం పని" అంది. ఒకసారి సూది పొడిచాక ఆ చెయ్యి చర్మం తియ్యడానికి పనికిరాదు. ఆ మాట పొద్దున చిన్న డాక్టరు చెప్పిందే. మా ఆయన గభాలున లేచి, "సిస్టర్, ఆగండి, నేను మేడమ్‌తో మాట్లాడి వస్తా" అని తలుపుదాకా వెళ్ళారు. ఆ వేగం చూస్తే ముద్దొచ్చింది. ఈసారి నిజంగానే సరైన జవాబు చెప్పడానికి వెళ్తున్నారు.

"ఏవండీ" అన్నాను. ఆగారు. "మీరు కూర్చోండి. నేను చెప్తా."

"నీకు నొప్పి కదా."

"నొప్పే."

కుడిచెయ్యి దుప్పటి కిందకి దాచేసుకున్నాను. నర్సు విసుక్కుంటూ ఫోన్ చేసింది. డాక్టరమ్మ వచ్చేసరికి కాసేపు పట్టింది. ఆయన కఫ్ చూసుకుంటూనే ఉన్నారు. డాక్టరమ్మ వచ్చి, ఏమైందన్నట్టు అలవాటు కొద్దీ ఆయనవైపే చూసింది. ఆయన నోరు తెరిచారు. అత్తయ్య చేతికర్రతో ఆయన కాలి మీద చిన్నగా పొడిచారు. ఆయన నోరు మూసుకుని నావైపు చూపించారు.

"డాక్టరమ్మా, నాది ఎడమచేతివాటం" అన్నాను. ప్రతి మాటకీ పుండు పంటికి ఒరుసుకుంటోంది. అయినా ఆపలేదు. "రాసేదీ వడ్డించేదీ కుడితో. అది నేర్పించింది. కుట్టేది ఎడమతో. మీరు సూదిపని చేసేవాళ్ళు, మీకు తెలుస్తుంది. ఆ బొటనవేలు నాక్కావాలి. కుడిది తీసుకోండి."

డాక్టరమ్మ నా మంచం అంచున కూర్చుంది. "నేను మిమ్మల్నే అడగాల్సింది" అంది. అంటూ ఆయనవైపు చూడలేదు. అందుకు ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. కుడిచెయ్యి చూపించమంది. మణికట్టు దగ్గర రెండు పక్కలా నాళాలు నొక్కిపట్టి, పిడికిలి బిగించి తెరవమంది. అరచెయ్యి పాలిపోయింది. ఒక పక్క మాత్రం వదిలింది. మేమందరం ఆ అరచేతిలోకే చూస్తున్నాం, ఆయనా, అత్తయ్యా, నర్సూ. ఒక నాళం తీసేసినా రెండోది చేతికి రక్తం అందించగలదా అన్నది ఆ పరీక్ష. అందించలేకపోతే మళ్ళీ ఎడమదే గతి. నెమ్మదిగా చిటికెన వేలి వైపునుంచి ఎరుపు పాకుతూ వచ్చి బొటనవేలిదాకా నిండింది.

"బాగుంది. దీన్నే తీసుకుందాం" అంది డాక్టరమ్మ.

ఎడమచేతి మీది గీతని చిన్న డాక్టరు స్పిరిటుతో తుడుస్తుంటే అత్తయ్య దగ్గరికి జరిగి, "గట్టిగా తుడువు బాబూ, మళ్ళీ ఎవరైనా చూసి కోసేస్తారు" అన్నారు. ఆయన నా హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి, గులాబీపట్టీ ఇంకా విప్పని ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పితిప్పి చూస్తున్నారు. బొటనవేలి పక్కన సూది గుచ్చుకుని గుచ్చుకుని కట్టిన కాయని తడిమి, ఇదెప్పటినుంచి అన్నారు. చాలాసేపు వదల్లేదు. నేనూ లాక్కోలేదు.

అటుపక్క కుడిచేతి మీద కొత్త గీత పడుతోంది. చల్లగా, చక్కిలిగింతగా ఉంది. ఇన్నేళ్ళూ అందరికీ వడ్డించిన చెయ్యి అది. రేపటినుంచి నా నోట్లో కూర్చుని మాట్లాడటం నేర్చుకుంటుంది.